రొద పెట్టే గిటారంటే అంత ఇష్టం ఎందుకు?

మా మామ స్టేజీ మీద ఎప్పుడూ కొంచెం పక్కకి తిరిగి నిలబడతాడు. జనానికి ఎదురుగా కాదు, డ్రమ్స్ అన్న వైపూ కాదు, రెంటికీ నడుమ ఏదో ఒక మూలని చూస్తూ వాయిస్తాడు. అది స్టైల్ అనుకునేదాన్ని నేను. పోయిన ఏడాది తండయార్‌పేటలో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి ఆయన ట్రూప్‌తో పాటు వెళ్ళినప్పుడు అడిగేశాను. ఆయన ఏమీ చెప్పకుండా జనం వైపు తిరిగాడు. వెంటనే స్పీకర్లలోంచి "మ్‌మ్‌మ్" అని మోత లేచింది. మళ్ళీ మూలకి తిరిగాడు, మోత సన్నబడింది. "అదీ అమ్మాయ్ మన స్టైలు. ఆ పక్కన ట్యూబ్ లైట్లు కట్టినారు" అన్నాడు.

ఈ వ్యాసం ఆ మోత గురించి. ఆ మోత పెట్టే గిటార్లనే కోరి కొనుక్కునేవాళ్ళ గురించి, అవి పాతవైతే లక్షలూ కోట్లూ పోసేవాళ్ళ గురించి కూడా. వాళ్ళు వింటున్నది నిజంగా అక్కడ ఉందా, లేక ఉందని అనుకుంటున్నారా అనేది నా ప్రశ్న. ఊరికే పుట్టిన ప్రశ్న కాదిది. ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో దీనికి జవాబు చెప్పాల్సి వచ్చింది, దాని మీద డబ్బు కూడా ఆధారపడింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు వస్తువేమిటో చూద్దాం. ఎలక్ట్రిక్ గిటారు తీగల కింద ఒక నల్లటి పట్టీయో తెల్లటి పట్టీయో ఉంటుంది కదా, దాన్ని పికప్ అంటారు. చాలామంది మైకు అనుకుంటారు, కాదు. మైకు గాలిలో వచ్చే శబ్దాన్ని పడుతుంది. పికప్‌కి గాలితో పని లేదు. దాని లోపల ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు, వాటి చుట్టూ రాగి తీగ ఉంటాయి. ఆ రాగి తీగ మన తల వెంట్రుకంత సన్నం. అలాంటిది సుమారు ఎనిమిది వేల చుట్లు చుడతారు. పైన గిటారు ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. సైన్సు పుస్తకంలో మనం చదివే ఫారడే సూత్రమే, ఇంకేం లేదు. మన వీణ విద్వాంసులు పెట్టుకునే కాంటాక్ట్ మైకు వేరే రకం. అది చెక్క వణుకుని పడుతుంది. గిటారు పికప్ మాత్రం ఉక్కు తీగ కదలికనే పడుతుంది. అక్కడ ఇత్తడి తీగ కట్టి మీటితే సరిగా పలకదు.

ఒకే చుట్ట ఉంటే సింగిల్ కాయిల్ అంటారు. చిక్కేమిటంటే ఆ చుట్టకి తన పర తేడా తెలియదు. తీగ కదిలినా ఒకటే, పక్కన ట్యూబ్ లైటు చోక్ కదిలించినా ఒకటే. ఫ్యాన్ రెగ్యులేటరు, ఆంప్లిఫయరులోని ట్రాన్స్‌ఫార్మరు, సీరియల్ లైట్లు, అన్నిటి ఊగుడునీ పట్టి వినిపిస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. పాశ్చాత్య సంగీతంలో అది జి అనే స్వరానికి కొంచెం పైన, గిటారు లావు తీగ కంటే కూడా కింది స్థాయిలో ఉంటుంది. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి ఇదే గిటారు అక్కడ ఎ షార్ప్‌కీ బికీ మధ్య ఎక్కడో గొణుగుతుంది. ఈ లెక్క నేనే వేసి చూసుకున్నాను. కాలిఫోర్నియాలో పుట్టిన గిటారు వాషర్‌మెన్‌పేటకి వచ్చి యాస మార్చుకుంటుందన్న మాట!

ఈ మోతకి మందు 1955లోనే దొరికింది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానికొకటి ఎదురుగా చుట్టి, అయస్కాంతాలని కూడా తిరగేసి అమర్చాడు. అప్పుడు బయటి నుంచి వచ్చే మోత రెండు చుట్టల్లోనూ ఎదురెదురై చచ్చిపోతుంది, తీగ పలుకు మాత్రం కలిసి రెట్టింపవుతుంది. దాన్ని హమ్‌బకర్ అంటారు, మోతని అడ్డగించేది అని అర్థం. ఇంత తెలివైన పని జరిగాక సింగిల్ కాయిల్ పోవాలి కదా? పోలేదు. డెబ్భై ఏళ్ళయినా కొత్త గిటార్లలో కూడా అడిగి మరీ పెట్టించుకుంటున్నారు. మోత పెడుతుందని తెలిసి కూడా.

ఎందుకో తెలుసుకోవాలని మామ ఇచ్చిన హెడ్‌ఫోన్లతో రెండు మూడు నెలలు పాతవీ కొత్తవీ విన్నాను. నాకు తెలిసినంతలో చెప్తాను, పొరపాటైతే పెద్దలు దిద్దాలి.

డైర్ స్ట్రెయిట్స్ వాళ్ళ "సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్" 1978లో వచ్చింది. అందులో మార్క్ నాఫ్లర్ మీటు బిళ్ళ లేకుండా వట్టి వేళ్ళతో వాయిస్తాడు. ఒక స్వరం వేలి కండతో మొదలైందా, గోటి అంచుతో మొదలైందా అన్నది కూడా వినిపిస్తుంది. మొదటిసారి వింటే వేగమే ఆకట్టుకుంటుంది. నాలుగోసారికి వేగం పక్కకి పోతుంది, ఒక్కొక్క స్వరం ఎలా పుట్టిందన్నదే మిగులుతుంది. హమ్‌బకర్‌తో అదే వాయిస్తే స్వరం నిండుగా, గుండ్రంగా వస్తుంది గానీ ఆ పుట్టుక కొంత కప్పుకుపోతుంది. కారణం కూడా ఉంది. సింగిల్ కాయిల్ తీగని ఒక సన్నటి చోట మాత్రమే వింటుంది. హమ్‌బకర్ పక్కపక్కనే రెండు చోట్ల విని కలుపుతుంది. ఆ కలపడంలో పై స్థాయి సన్నటి ధ్వనులు కొన్ని ఒకదాన్నొకటి కొట్టుకుని పోతాయి. చుట్లు ఎక్కువ కాబట్టి కూడా పైధ్వని మెత్తబడుతుంది.

ఆ పాటలోని గిటారు పలుకులో ఇంకో విశేషం ఉంది. ఫెండర్ స్ట్రాటోక్యాస్టర్ 1954లో వచ్చినప్పుడు దానికి మూడు పికప్‌లు, మూడు గుంటల మీట పెట్టారు. ఒక్కోసారి ఒక్కటే పలకాలని వాళ్ళ ఉద్దేశం. వాయించేవాళ్ళు ఊరుకుంటారా? మీటని రెండు గుంటల మధ్య ఇరికించి, రెండు పికప్‌లు ఒకేసారి పలికేలా చేశారు. అప్పుడు వచ్చే ధ్వని కొంచెం ముక్కుతో పాడినట్టు, కొంచెం గాజు గిన్నె మోగినట్టు ఉంటుంది. నాఫ్లర్ వాడింది దాన్నే. కంపెనీ 1977లో గానీ అయిదు గుంటల మీట పెట్టలేదు. అంటే ఈ గిటారులో అందరూ మెచ్చుకునే ఒక ధ్వని దాన్ని చేసినవాళ్ళు అనుకోనిది.

జిమీ హెండ్రిక్స్ "లిటిల్ వింగ్" 1967లోది. ఆయన ఎడమచేతి వాటం. కుడిచేతి గిటారునే తలకిందులుగా పట్టి, తీగలు మార్చి కట్టుకున్నాడు. దాంతో ఏ తీగ కింద ఎంత ఎత్తు అయస్కాంతం ఉండాలో ఆ లెక్కంతా తారుమారైంది. ఆ పాట మొదటి అరనిమిషం వినండి. తీగల మీద వేలు జారిన చప్పుడు కూడా సంగీతంలో భాగంగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే పాట మధ్యలోకి వెళ్ళాక నాకు అంత నచ్చలేదు. ఆ మొదలు మాత్రం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

కాబట్టి నాకు అర్థమైంది ఇది: సింగిల్ కాయిల్ వాయించేవాడి చేతిని దాచదు. మంచి చెయ్యి అయితే మంచిదే, తడబడితే తడబాటూ బయటపడుతుంది. మోత కూడా అదే గుణంలోంచి వచ్చింది. అన్నీ వినే చెవికి ట్యూబ్ లైటు కూడా వినిపిస్తుంది. మా క్లాసులో ఒకడు హెవీ మెటల్ తప్ప వినడు. వాడికి హమ్‌బకరే కావాలి, అది తప్పు కాదు. అంత పెద్ద శబ్దంలో సింగిల్ కాయిల్ పెడితే మోత తప్ప ఏమీ వినిపించదు.

ఇంతవరకు నేను గిటారిస్టుల పక్షమే. పాత గిటార్ల దగ్గరికి వచ్చేసరికే తేడా వస్తుంది.

లియో ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాడు. మన రిచీ స్ట్రీట్‌లో కూర్చుని ఆంప్లిఫయర్లు విప్పే అన్నలని చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు. 1965 జనవరిలో తన కంపెనీని సీబీఎస్‌కి 1 కోటి 30 లక్షల డాలర్లకి అమ్మేశాడు. ఆ తర్వాత పనితనం తగ్గిందని గిటారిస్టుల మాట. అందుకే "సీబీఎస్‌కి ముందు" అనే మాట వాళ్ళకి దేవుడిచ్చిన ముద్ర లాంటిది. అంతకు ముందుదైతే ఒక ధర, తర్వాతదైతే ఇంకో ధర.

సరే, అయితే లెక్క చూద్దాం. హెండ్రిక్స్ 1969లో వుడ్‌స్టాక్‌లో వాయించిన తెల్ల గిటారు 1968లో చేసినది. సీబీఎస్ తర్వాతదే. ఎరిక్ క్లాప్టన్ "బ్లాకీ" 2004 వేలంలో 9 లక్షల 59 వేల 500 డాలర్లు పలికింది. అది ఒక గిటారు కూడా కాదు. ఆయన 1970లో నాష్‌విల్‌లో పాత స్ట్రాటోక్యాస్టర్లు చవగ్గా కొని, మూడింటిలోని మంచి భాగాలు విప్పి ఒకటిగా కలిపించుకున్నాడు. ఇక పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మర్ నల్ల గిటారు 2019 వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది. ఆ డబ్బు పర్యావరణం కోసం పనిచేసే సంస్థకి ఇచ్చేశాడు, దానికి దండం పెట్టాలి. ఆ గిటారు 1969లో చేసినది, సీబీఎస్ కాలందే. పైగా ఆయన దానికి మెడ ఎన్నిసార్లు మార్చాడో! పికప్ మార్చాడు, మీటలు మార్చాడు, రంధ్రాలు కూడా పెట్టాడు. మా వీధి చివర సైకిల్ షాపాయన దగ్గరికి తీసుకెళ్తే "ఇందులో పాతది ఏముందమ్మా?" అని అడుగుతాడు.

అంటే ఎవరి చేతిలో పలికిన ధ్వని విని జనం పాత గిటార్లకి ఎగబడుతున్నారో, వాళ్ళు తమ గిటార్లని ఏ మాత్రం పాతగా ఉంచుకోలేదు. విప్పారు, కోశారు, మార్చారు. చెవికి నచ్చేదాకా మార్చారు. వాళ్ళని ఆరాధించేవాళ్ళు మాత్రం స్క్రూ కూడా మారకూడదంటారు.

పాతదాంట్లో ఏమీ లేదని కూడా నేను అనను. 1950లలో ఫెండర్ పికప్‌లు చుట్టేటప్పుడు యంత్రం తిప్పేది, రాగి తీగని మాత్రం మనిషి వేళ్ళతో నడిపించేవారు. అందుకని చుట్లు సమానంగా పడేవి కావు, లెక్క కూడా అటూ ఇటూ అయ్యేది. ఒక్కో పికప్ ఒక్కో రకంగా పలికేది. అంటే పాత వాటిలో అద్భుతమైనవీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. నాసివి ఏమయ్యాయి? పెట్టె కిందికి వెళ్ళిపోయాయి. మంచివి చేతులు మారుతూ మన దాకా వచ్చాయి. వాటిని చూసి "ఆ రోజుల్లో అన్నీ ఇలాగే ఉండేవి" అంటున్నాం. మా నాయనమ్మ పాత పాటల గురించి అనేది కూడా ఇదే.

వయొలిన్ల మీద ఒక పరీక్ష జరిగింది. 2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారులకి సరిగా కనిపించకుండా కళ్ళద్దాలు పెట్టి, మూడు కొత్త వయొలిన్లు, మూడు పాతవి ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివరి చేసినవి, ఒకటి గ్వార్నేరిది. ఇంటికి తీసుకెళ్ళడానికి ఒకటి ఎంచుకోమంటే ఎక్కువమంది కొత్తదే ఎంచుకున్నారు. అన్నిటికంటే తక్కువమందికి నచ్చింది ఒక స్ట్రాడివరి. ఈ సంగతి మామకి చెప్తే "వాళ్ళకి కళ్ళు కూడా చెవులే, అది మూసేస్తే ఎట్లా?" అన్నాడు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు.

మామ వాయించే గది గోడ మీద రెండు ఫోటోలున్నాయి. ఒకటి హెండ్రిక్స్‌ది. రెండోది మన తెలుగువాడిది, మాండలిన్ శ్రీనివాస్‌ది. చాలారోజులు నాకు ఈ ఇద్దరూ పక్కపక్కన ఎందుకున్నారో తెలియలేదు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టాడు. ఆరేళ్ళప్పుడు తండ్రిగారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని వాద్యం మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో మొదటి కచేరీ. 1981లో ఇక్కడ మద్రాసులో, డిసెంబరు సంగీత ఉత్సవాల్లో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద వాయించాడు. అప్పటికి ఆయనకి పన్నెండేళ్ళు. మన ఏడో క్లాసు పిల్లల వయసు!

మాండలిన్‌తో కర్ణాటక సంగీతం అంటే ముందు అందరూ ముఖం చిట్లించేదే. మామూలు మాండలిన్‌కి తీగలు జంటలు జంటలుగా ఎనిమిది ఉంటాయి. మీటితే "టింగ్" మని మోగి వెంటనే ఆరిపోతుంది. మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం మీటాక తీగని పక్కకి లాగి, ఊపి, పై స్వరానికి తీసుకెళ్ళి మళ్ళీ దించాలి. లాగేలోగా శబ్దమే చచ్చిపోతే ఇంక గమకం ఎక్కడ? పైగా జంట తీగలు లాగితే రెండూ సమానంగా సాగవు, శ్రుతి చెదురుతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఇప్పుడు తీగ ఒకటే కాబట్టి లాగితే చెదరదు. కింద పికప్ ఉంది కాబట్టి తీగ సన్నగా కదులుతున్నంతసేపూ స్వరం బతికే ఉంటుంది. పికప్ లేకపోతే ఆయన గమకాలు మొదటి వరుసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినబడేవి కావు.

ఆసక్తి ఉన్నవాళ్ళకి ఒక చిన్నమాట. ఫెండర్ కంపెనీ కూడా 1956లో ఎలక్ట్రిక్ మాండలిన్ చేసింది. దానికీ జంటలు లేవు, నాలుగు ఒంటి తీగలే. అమ్మకాల్లో అదేమీ పెద్ద పేరు తెచ్చుకోలేదు. కాలిఫోర్నియాలో ఎవరికీ అంతగా పట్టని ఆలోచన పాలకొల్లు పిల్లాడికి పనికొచ్చింది.

ఆయన రికార్డులు విని నేను మెచ్చింది అందరూ చెప్పే వేగం కాదు. కల్పనస్వరాల్లో ఆ వేగం నిజంగానే ఆశ్చర్యం, పిల్లలకి వినిపిస్తే ముందు అదే నచ్చుతుంది. కానీ రాగాలాపనలో మెల్లగా వెళ్ళేటప్పుడు చూడండి. ఒక్క మీటు మీద మూడు నాలుగు స్వరాలు జారుతూ వెళ్తాయి, చివరి స్వరం దాదాపు వినబడనంత సన్నగా అయ్యి కూడా శ్రుతిలోనే ఉంటుంది. ఒక్క లోపం నాకు తోచింది. తర్వాతి రికార్డింగుల్లో కొన్నిట్లో ధ్వనికి ప్రతిధ్వని ఎక్కువ కలిపారు. మెత్తగా బాగానే ఉంటుంది గానీ వేలి అంచు వినబడదు. ఆయన చేతికి ఆ దుప్పటి అవసరం లేదు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుతో "రిమెంబర్ శక్తి" బృందంలో వాయించినప్పుడు రెండు విద్యుత్ వాద్యాలు పక్కపక్కన వినిపిస్తాయి. అక్కడ గిటారే కొంచెం మసకగా, మాండలిన్ స్పష్టంగా తోస్తుంది నాకు. మామ ఒప్పుకోడు.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. ఇప్పుడు గిటారిస్టులు "పాత ఎలక్ట్రిక్ గిటారులోనే శుద్ధమైన ధ్వని ఉంది" అంటారు. అప్పుడు సభల్లో కొందరు "ఎలక్ట్రిక్ అయితే శుద్ధం కాదు" అన్నారు. అంతకు నూట యాభై ఏళ్ళకి పైగా ముందు వయొలిన్ గతీ అదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మనకి దగ్గరే ఉన్న కోటలో బ్యాండు వాయించే తెల్లవాళ్ళ దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడంటారు. వాళ్ళ కుటుంబాన్ని ఆదరించింది మణలి ముదలియార్లు. మణలి అంటే మన పక్క ఊరే. ఇప్పుడు వయొలిన్ లేని కచేరీ ఉందా? శుద్ధమన్న ముద్ర ఎప్పుడూ వెనకనించి వచ్చి పడుతుంది.

ఇంక మా ఇంటి సంగతి. మామ గిటారు 1986లో బర్మా బజార్‌లో కొన్నది. జపాన్‌లో చేసిన స్ట్రాటోక్యాస్టర్ నకలు. తల మీద పేరు ఎప్పుడో చెరిగిపోయింది. ఆ రోజుల్లో నకలు అంటే నామోషీ. అమెరికన్ కంపెనీలు జపాన్ నకళ్ళ మీద మండిపడేవి. 1977లో గిబ్సన్ యజమానులు ఐబనెజ్ గిటార్లు అమ్మే సంస్థ మీద దావా కూడా వేశారు. ఇప్పుడేమో ఆ కాలపు నకళ్ళని "దావా గిటార్లు" అని ముద్దుగా పిలిచి, అవి కూడా పాత వస్తువులే అని ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు! ఈ వేసవిలో బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, గిటారు వీడియోలో చూశానని. ఆయన చెప్పిన ధరకి మా మామ కూతురు నర్సింగ్ కాలేజీ మొదటి ఏడాది ఫీజు సరిపోతుంది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మామ ఒక్కడే ఏమీ అనలేదు.

చిక్కు మధ్య పికప్‌తో వచ్చింది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు అది మూగబోయిందట, లోపల తీగ తెగి. కొత్తది దొరకలేదు. మామ దాన్ని మన ఎం.సి. రోడ్డు వెనక ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగ్ చేసే కొట్టుకి పట్టుకెళ్ళాడు. ఆ వైండింగ్ ఆయన చేతిలో పెట్టి చూసి "అన్నా, ఇది తీగ కాదు, వెంట్రుక" అన్నాడట. రిచీ స్ట్రీట్‌లో వెతికితే అంత సన్నటి తీగ దొరకలేదు, ఒక్క నంబరు లావుది దొరికింది. లావు తీగ కాబట్టి అదే చోట తక్కువ చుట్లు పట్టాయి. చేత్తో తిప్పే మిషన్ మీద, మధ్యలో రెండుసార్లు తెగితే అతికి, ఒక మధ్యాహ్నమంతా చుట్టాడు. డబ్బులు తీసుకోలేదట. "ఏదీ, పలుకుతుందా లేదా చెప్పు చాలు" అన్నాడట.

మామ ఈ విషయం కొనేవాడి దగ్గర దాచలేదు. కానీ ముందు నన్ను పిలిచి, "నువ్వే కదా రాస్తున్నావు, విని చెప్పు. తేడా తెలుస్తుందా?" అన్నాడు. ఇంట్లో అందరికీ నేను "తెలియదు" అనాలని ఉంది. నాకూ ఉంది.

మధ్య పికప్‌నీ మెడ దగ్గర పికప్‌నీ ఉన్నచోటే పోల్చితే లాభం లేదు, తీగ ఒక్కో చోట ఒక్కోలా పలుకుతుంది కాబట్టి. అందుకని మామ ముందు చుట్టించిన పికప్‌తో ఒక చిన్న ముక్క వాయించి రికార్డు చేశాడు. తర్వాత దాన్ని విప్పి, అదే చోట మెడ దగ్గరి పాత పికప్ టంకం పెట్టి, మళ్ళీ అదే ముక్క వాయించాడు. శబ్దం సమానం చేశాం. మా చెల్లెలు పేర్లు దాచి, కలిపేసి వినిపించింది.

తేడా ఉంది. దాచడానికి లేదు. ఒకటి కొంచెం నిండుగా ఉంది, ఇంకొకటి సన్నగా, పదునుగా, మీటు అంచు ఎక్కువ తెలిసేలా ఉంది. ప్రతిసారీ రెంటినీ విడదీయగలిగాను. అంతవరకు నా చెవి మీద నాకు గర్వమే. కానీ ఏది పాతది అంటే, సన్నగా పలికినదే అన్నాను. ఇన్ని నెలలు నేను విని మెచ్చిన గుణాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. అది వైండింగ్ ఆయన చుట్టినది. చుట్లు తగ్గితే పైధ్వని పెరుగుతుందని పైన నేనే రాశాను కదా, ఆ క్షణంలో తోచలేదు. మామ మాత్రం ఒక్కసారికే సరిగ్గా చెప్పేశాడు. ఎలా అంటే నవ్వి, "రెండోసారి వాయించేటప్పుడు చిటికెన వేలు జారిందమ్మాయ్" అన్నాడు.

కొనేవాడు వచ్చి గంటసేపు వాయించాడు. బాగా వాయిస్తాడు. మూడింటిలో ఏది చుట్టించినదో పైనున్న ప్లాస్టిక్ బిళ్ళ విప్పేదాకా చెప్పలేకపోయాడు. అయినా "ఒరిజినల్ కాదు కదండీ" అని ధర దాదాపు సగానికి దించాడు. ఆయన్ని తప్పు పట్టలేను, రేపు ఆయన అమ్మాలన్నా ఇదే మాట వినాలి. ఆయన కొంటున్నది ధ్వని ఒక్కటే కాదు. ఆ మాట ఆయన కూడా దాచుకోలేదు.

ఆ సగం ధరకి ఇవ్వమని అత్త, వద్దని మామ. చివరికి అత్త గాజులు బ్యాంకులో పెట్టి ఫీజు కట్టారు. గాజుల మాట ఇంట్లో ఇంకా వస్తూనే ఉంది. రెండు పికప్‌లూ మామ ఎవరి చోట వాటిని తిరిగి పెట్టేశాడు. రాత్రి ఎనిమిది దాటాక ఆయన ప్రాక్టీసుకి కూర్చుంటే, అత్త ఏమీ అనకుండా హాల్లో ట్యూబ్ లైటు ఆర్పేసి వంటింట్లోకి వెళ్తుంది. నేను కూడా పుస్తకాలు తీసుకుని అక్కడికే వెళ్తాను. ఈ వ్యాసం సగం అక్కడే రాశాను.